బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకు

ఆపరేషన్ డేటు అడిగే ముందు మీ చేతిలో మూడు నెలలు ఉన్నాయా అని చూసుకోండి. నాది బరంపురం. నాలుగేళ్ళ కిందట విశాఖలో స్లీవ్, అంటే పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకున్నాను. లోపల ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. దానికి ముందు నేను పడిన పాటు మూడు నెలల పైనే, ఇవాళ నన్ను నిలబెట్టింది కూడా అదే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి మనవాళ్ళు ఫోన్ చేసి "ఏ డాక్టరు మంచివాడు అక్కా?" అని అడుగుతుంటారు. డాక్టరు సంగతి తర్వాత. ఆపరేషన్ అయ్యాక ఎలా తినాలో, ఎలా తాగాలో, ఎలా నడవాలో అదంతా ముందే, మీ ఇంట్లోనే, మీ వంటతోనే అలవాటు చేసుకోండి. పొట్ట చిన్నదయ్యాక నేర్చుకుందాంలే అంటే చాలా కష్టం.

ముందు లెక్క చూసుకోండి

బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకోండి. ఎత్తును ఎత్తుతో గుణించి, ఆ వచ్చిన దానితో బరువును భాగించండి. అదే బీఎంఐ. నాది అప్పుడు 104 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. లెక్క 41.7 వచ్చింది. మన దేశంలో సర్జన్లు చాలాకాలంగా వాడుతున్న గీత, అంటే ఆపరేషన్‌కు అర్హత మొదలయ్యే బీఎంఐ, 37.5. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం (స్లీప్ ఆప్నియా) లాంటి జబ్బులు తోడుంటే 32.5. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఈ గీతలను ఇంకా కిందికి దించాయి.

ఇన్సూరెన్స్ వాళ్ళ గీత మాత్రం వేరు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం వయసు 18 దాటాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, దానితో పాటు గుండె జబ్బో, అదుపులోకి రాని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. మామూలు పద్ధతుల్లో బరువు తగ్గడానికి ప్రయత్నించి విఫలమైనట్టు కూడా కనబడాలి. అంటే డాక్టరు సరే అన్నా పాలసీ కాదనే రోజులు ఉంటాయి. డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన చీటీలు, పాత బరువుల రికార్డు పారేయకండి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతో చదవండి, ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద తెప్పించుకోండి. ఇంకో మాట. మనం తెలుగువాళ్ళమైనా మన కార్డు ఒడిశాది. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆంధ్రలో ఉండేవాళ్ళకే. విశాఖ కౌంటర్ దగ్గర ఇది తెలిసి తెల్లమొహం వేసినవాళ్ళను నేను చూశాను.

డాక్టర్ని చూసుకోవడం

మనకు రెండు దార్లు, విశాఖ లేదా భువనేశ్వర్. బరంపురం నుంచి రైలెక్కితే విశాఖ నాలుగైదు గంటలు, భువనేశ్వర్ అంతకంటే దగ్గర. జయపురం, రాయగడ వాళ్ళకు విశాఖే నయం. దూరం ఒక్కటే చూడకండి. మొదటి ఏడాదిలో కనీసం నాలుగైదుసార్లు మళ్ళీ వెళ్ళాలి. ఏ భాషలో మీ బాధ మొత్తం చెప్పగలరో అది కూడా చూడండి. నేను ఒడియా బాగానే మాట్లాడతాను, బజారు పనికీ బడి పనికీ సరిపోతుంది. కానీ రాత్రి పూట ఎవరూ చూడకుండా ఏం తింటానో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు తెలుగే కావలసి వచ్చింది.

నేను మొదట వెళ్ళిన ఒక చోట రక్తపరీక్ష కూడా చేయకుండానే, ఈ వారంలో చేరితే ఇంత తగ్గిస్తామన్నారు. మా ఆయన, నేను లేచి వచ్చేశాం. మీరూ అలాగే లేచి రండి. అడగాల్సినవి అడగండి: ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు, కుట్టిన చోట లీకైతే ఏం చేస్తారు, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, డైటీషియన్, సైకాలజిస్టు మీ దగ్గరే ఉన్నారా?

స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, అది మళ్ళీ తిరిగి రాదు. బైపాస్‌లో చిన్న సంచి లాంటి పొట్ట చేసి దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. గుండెల్లో మంట, పులితేన్పులు బాగా ఉన్నవాళ్ళకు స్లీవ్‌తో అవి పెరగొచ్చు కాబట్టి డాక్టరు బైపాస్ వైపు మొగ్గవచ్చు. మీకు ఏది అన్నది డాక్టరు చెప్పాలి, ఎందుకు అన్నది మీరు అడగాలి. ఏది చేయించుకున్నా విటమిన్ మాత్రలు జీవితాంతం.

పరీక్షలు, మన ప్రాంతపు సంగతులు

రక్తం, షుగరు మూడు నెలల సగటు, థైరాయిడ్, లివర్, కిడ్నీ, బి12, విటమిన్ డి, ఐరన్, ఈసీజీ, ఎకో, కడుపు స్కానింగ్, ఎండోస్కోపీ. గట్టిగా గురక పెట్టేవాళ్ళకు నిద్ర పరీక్ష. ఇవి ఎక్కడైనా రాస్తారు. బయటి డాక్టరుకు తట్టకపోవచ్చు గానీ మనం నోరు తెరిచి చెప్పాల్సినవి మూడున్నాయి.

ఒకటి, సికిల్ సెల్. ఒడిశాలో ఇది చాలా కుటుంబాల్లో ఉంది, ఉన్నట్టు తెలియకుండానే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. రెండు, మలేరియా. కోరాపుట్, రాయగడ, గజపతి కొండ ఊళ్ళ వైపు వెళ్ళొచ్చి చలి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని అణిచేసి ఆపరేషన్‌కు వెళ్ళకండి. మూడు, కిడ్నీ. మీ పుట్టిల్లో మెట్టినిల్లో ఉద్దానం వైపైతే, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపైతే, ఆ మాట విడిగా చెప్పండి. అక్కడ కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టుకుందో మనకు తెలుసు. మా అత్తగారి వాళ్ళది సోంపేట. ఆవిడ పోరు పడలేకే నేను కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష రెండుసార్లు చేయించుకున్నాను. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో నీళ్ళు సరిగా దిగవు. కిడ్నీ ముందే నీరసంగా ఉంటే అది పెద్ద దెబ్బ.

రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరుసలో పెట్టుకోండి.

గుడాకు, ఖైనీ, చుట్ట

ఈ సంగతి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా ఆపరేషన్ దీనివల్లే ఆరు వారాలు వెనక్కి పోయింది.

డాక్టరు "పొగ తాగుతారా?" అని అడిగాడు. లేదన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. పొద్దున్నే లేచి చూపుడువేలితో గుడాకు పళ్ళకు రుద్దుకోవడం నాకు పెళ్ళి కాకముందు నుంచీ ఉంది. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళకు అది పళ్ళపొడి కిందే లెక్క. అందులో ఉన్నది పొగాకే, నికోటిన్ చిగుళ్ళలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. రెండో నెలలో సైకాలజిస్టు అమ్మాయి "పొద్దున లేవగానే మొదట ఏం చేస్తారు?" అని మామూలుగా అడిగితే చెప్పేశాను. ఆ సాయంత్రమే డేటు మార్చారు. అప్పుడు ఏడుపొచ్చింది గానీ వాళ్ళు చేసిందే సరైన పని. నికోటిన్ రక్తనాళాలను బిగదీస్తుంది, కుట్లు మానవు, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులు మొరాయిస్తాయి.

కాబట్టి గుడాకు, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, చుట్ట, మన ముసలమ్మల అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట), ఏదైనా సరే పేరు పెట్టి చెప్పండి. కనీసం ఆరు వారాల ముందు పూర్తిగా మానేయాలి, తర్వాత కూడా మళ్ళీ ముట్టకూడదు. నేను చేసింది ఇది: డబ్బా బాత్రూం గూట్లోంచి తీసి పారేశాను, ఆ గూట్లోనే బ్రష్షు, లవంగాలు పెట్టాను. మొదటి పది రోజులు తలనొప్పి, చిరాకు, మలబద్ధకం. గుడాకు లేకపోతే కడుపు కదలదని చాలామంది భయపడతారు. గోరువెచ్చటి నీళ్ళు, నడక, డాక్టరిచ్చిన పొడి, వీటితో నాకు రెండు వారాల్లో అలవాటైంది. మీ వల్ల కాకపోతే డాక్టరునే సాయం అడగండి. నికోటిన్ గమ్ సొంతంగా కొనేయకండి, అందులోనూ నికోటినే ఉంటుంది.

మందు తాగే అలవాటు ఉన్న మగవాళ్ళు అదీ దాచకండి. ముఖ్యంగా బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, తిండి మీది యావ తాగుడు మీదికి మళ్ళే ప్రమాదం నిజంగా ఉంది.

తిండి ప్రాక్టీసు

ఆపరేషన్ తర్వాత నియమాలు ఎక్కడ అడిగినా ఇవే: చిన్న ముద్ద, ఇరవై ముప్పై సార్లు నమలడం, భోజనానికి అరగంట ముందూ అరగంట తర్వాతా నీళ్ళు తాగకపోవడం, ముందు ప్రోటీన్, తర్వాత కూర, చివర్లో అన్నం. వినడానికి తేలికే. ఇప్పుడు మన ఇంటి కంచం ముందు కూర్చుని చూడండి.

ఎండాకాలం మధ్యాహ్నం మనకు ఏముంటుంది? ఒడియా వాళ్ళు పఖాళ అంటారు, మనింట్లో తరవాణి. పెద్ద గిన్నెలో పులిసిన నీళ్ళన్నం, పక్కన వేయించిన చేప, ఉల్లిపాయ, బడి చూరా (నలిపిన వడియాలు). అది నమిలి తినే తిండి కాదు. అన్నం నీళ్ళతో సహా గొంతులోకి జారిపోతుంది, తిన్నదీ తాగినదీ ఒకేసారి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన మొదటి రోజు అదే తిన్నాను. స్టీలు గిన్నె నింపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని లెక్కపెట్టబోతే నాలుగు దాటలేదు. నోట్లో మిగిలిందేమీ లేదు. నా ముప్పై ఏళ్ళ తిండి ఇలా జరిగిందా అని అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి కంచం మార్చాను. పిల్లల కటోరీ, టీ చెంచా, గోడ గడియారం ఎదురుగా పీట. మొదట చేప ముక్క, లేదా గుడ్డు. తర్వాత దాల్మా, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు. చివర్లో రెండు చెంచాల పొడి అన్నం. ఇరవై నిమిషాలు పట్టేలా. చెంచా కింద పెట్టాకే నమలడం. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఇంతే తింటే మనిషి ఎలా నిలబడతాదే?" అన్నారు. వారం పోయాక ఆవిడే నా కటోరీ విడిగా కడిగి పెట్టడం మొదలుపెట్టారు.

ప్రోటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు అంటారు. మన వంటింట్లోనే దొరుకుతుంది. గుడ్డు 6 గ్రాములు, గ్లాసు పాలు 8, వంద గ్రాముల చేప దాదాపు 18, ఛెనా (పాలు విరగ్గొట్టి తీసే మెత్తటి పనీరు) యాభై గ్రాములు 9 దాకా, చిన్న కప్పు చిక్కటి పప్పు 7, 8. ఛెనా మనకు వీధి చివర దొరకడం అదృష్టం. రసగుల్లా, ఛెనాపొడొగా మారకముందే తెచ్చుకోండి. దాల్మా కూడా మనకు వరమే. ఆపరేషన్ తర్వాత మెత్తటి తిండి దశలో దాన్నే మిక్సీ వేసి ఇవ్వమంటారు. ఇప్పుడే నూనె, కారం తగ్గించి వండి చూడండి.

నీళ్ళు తాగడం కూడా నేర్చుకోవాలి. గ్లాసెత్తి గటగటా తాగడం ఇక కుదరదు. నేను చిన్న స్టీలు టంబ్లర్ పక్కన పెట్టుకుని పావుగంటకో నాలుగు గుక్కలు తాగేదాన్ని. కూల్‌డ్రింకులు, సోడా మొదటి నెలలోనే ఆపేయండి.

మార్గశిర లక్ష్మివారాలు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి రాత్రికి ఒక్కసారే కడుపునిండా తినే అలవాటు ఉందా? ఆపరేషన్ తర్వాత అది పనికిరాదు. పూజ మానొద్దు. ఆ రోజు పాలు, ఛెనా ఎన్నిసార్లు తీసుకోవచ్చో డైటీషియన్‌ను అడిగి ఇప్పుడే మార్చుకోండి. పెళ్ళి భోజనాల్లో "ఇంకొంచెం వేయించుకోండి" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. చేయి అడ్డం పెట్టి "పథ్యం" అనండి. ఆ మాటకు మనవాళ్ళు ఎదురు చెప్పరు.

మనసు

నోట్‌బుక్ ఒకటి పెట్టండి. తిన్న ప్రతిసారీ టైము, తిన్నది, అప్పుడు మనసు ఎలా ఉంది, ఈ మూడూ రాయండి. కేలరీలు వద్దు. నాకు మూడో వారంలో కనిపించింది: బడి నుంచి రాగానే నాలుగున్నరకు తినే మిక్చరు ఆకలి వల్ల కాదు. ఆ టైముకు ఇల్లు ఖాళీగా ఉంటుంది. పిల్లలిద్దరూ బయట చదువుల్లో ఉన్నారు. ఆ ఒంటరితనాన్ని ఏ సర్జనూ తీసేయలేడు. ఆ టైములో నేను చెరువు గట్టు దాకా నడవడం మొదలుపెట్టాను, పక్కింటి వదిన తోడొచ్చింది.

సైకాలజిస్టు దగ్గర పరీక్ష రాస్తున్నట్టు మంచి జవాబులు చెప్పకండి. డిప్రెషన్ ఉన్నా, ఒక్కోసారి ఆగకుండా తినేసినా, దాచుకుని తిన్నా చెప్పండి. వాళ్ళు ఆపరేషన్ ఆపడానికి లేరు, ముందు దానికి వైద్యం చేసి పంపడానికి ఉన్నారు.

ఎంత తగ్గుతానో కూడా నిజాయితీగా అనుకోవాలి. స్లీవ్‌తో ఏడాదిన్నరలో మొత్తం బరువులో పాతిక శాతం, బైపాస్‌తో ముప్పై శాతం అటూ ఇటుగా తగ్గుతారు. వంద కిలోల మనిషి డెబ్బై ఐదు అవుతారు, యాభై కారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు బాగా రాలుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది. చర్మం వేలాడుతుంది. రెండు మూడేళ్ళ తర్వాత కొంత బరువు తిరిగి రావచ్చు. ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరి దరిదాపుల్లో ఉంటుంది. తక్కువే, కానీ సున్నా కాదు. ఇవన్నీ మీ ఇంట్లోవాళ్ళకు కూడా డాక్టరు ముందే వినిపించండి.

ఎవరికి చెప్పాలి అని చాలామంది టెన్షన్ పడతారు. ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీతో ఒకే వంటింట్లో తినేవాళ్ళకు, మీరు పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళకు తప్పకుండా చెప్పాలి.

పెళ్ళీడు ఆడపిల్లలకు, పిల్లలు కావాలనుకునే కోడళ్ళకు ఒక మాట. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. నెలసరి సరిగా రానివాళ్ళకు కూడా బరువు తగ్గగానే గర్భం నిలవొచ్చు. ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఒళ్ళు, మందులు

రోజూ అరగంట నడక, మోకాళ్ళు నొప్పైతే పదేసి నిమిషాలు మూడుసార్లు. మూడు బంతులుండే ఊపిరి పరికరం మందుల షాపులో దొరుకుతుంది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి నెమ్మదిగా లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. మొదట్లో నాకు ఒక బంతి లేచి పడిపోయేది. ఆరో వారానికి రెండు నిలిచాయి. ఆపరేషన్ మర్నాడు పొట్ట నొప్పితో ఊపిరి తీయడానికే భయమేస్తుంది, అప్పుడు చేతికి ఈ అలవాటు ఉండాలి.

వాడుతున్న ప్రతి మందూ, ఆయుర్వేదం, చెట్టు మందులతో సహా, చీటీ మీద రాసి ఇవ్వండి. రక్తం పలచబరిచేవి, గర్భనిరోధక మాత్రలు, వారానికోసారి వేసే బరువు ఇంజెక్షన్లు, వీటి సంగతి మత్తు డాక్టరుకు తెలియాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలను కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, మొదలుపెట్టొద్దు.

తేదీ ఎప్పుడు

వీలైతే అక్టోబరు వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖను పడగొట్టింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు కరెంటు, రైళ్ళు, ఫోన్లు ఆగిపోతే మీ సర్జన్ దగ్గరికి వెళ్ళే దారి ఉండదు. నడి మే కూడా కష్టమే. గుక్క గుక్కగా తాగే మనిషికి ఆ ఎండలో ఒంట్లో నీరు నిలవదు. నేను జనవరి చివర్లో, సంక్రాంతి దాటాక వెళ్ళాను.

చివరి రెండు వారాలు

కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ పొట్ట మీద పడుకుని ఉంటుంది. దాన్ని కాస్త కుదించకపోతే సర్జన్‌కు చోటు దొరకదు. అందుకే చాలా చోట్ల రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 కేలరీల పథ్యం పెడతారు: ప్రోటీన్ షేకు, పలచటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, కూరగాయల సూపు. మూడో రోజు తల తిరిగినట్టు, కోపంగా ఉంటుంది. ఐదో రోజుకు తగ్గుతుంది. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఈ పథ్యం మొదలుపెట్టే రోజే డోసు మార్పించుకోవాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఈ పదిహేను రోజులూ వంట వేరేవాళ్ళు చేస్తే మంచిది. మా ఇంట్లో మా ఆయన చేశారు, వేపుడు వాసన రాకుండా.

ఆపరేషన్ ముందు రోజు ఏది ఎన్ని గంటల దాకా తినొచ్చో తాగొచ్చో ఆసుపత్రి వాళ్ళు చెప్పింది అక్షరాలా పాటించండి.

సంచీ, ఇల్లు, ఒక కాగితం

సంచీలో ఫైలు, ఆధార్, పాలసీ, వదులు నైటీలు, మూడు బంతుల పరికరం, చిన్న టంబ్లర్. నిద్రలో పెట్టుకునే సీప్యాప్ మెషీన్ ఉంటే తప్పక పట్టుకెళ్ళండి. రిటర్న్ టికెట్టు కింది బెర్తే తీసుకోండి, దారిలో గంటకోసారి లేచి నడవాలి. దూరపు ఊరివాళ్ళు డిశ్చార్జ్ అయ్యాక నాలుగైదు రోజులు ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకుని ఉండటం మేలు.

ఇంటికొచ్చాక ఏ అర్ధరాత్రో తేడా వస్తే విశాఖ దాకా వెళ్ళే టైము ఉండకపోవచ్చు. బరంపురం వాళ్ళకు ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్ వైపు వాళ్ళకు ఎస్.ఎల్.ఎన్. మెడికల్ కాలేజీ ఉన్నాయి. మీకు దగ్గర ఏదో ఇప్పుడే నిర్ణయించుకోండి. ఒక కాగితం మీద తెలుగులో, ఒడియాలో ఇలా రాయించండి: నాకు ఏ ఆపరేషన్ అయింది, ఏ తేదీన, సర్జన్ నంబరు ఇది, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసే ముందు ఆయనకు ఫోన్ చేయండి. దాని కింద ఎప్పుడు బయల్దేరాలో రాయండి: జ్వరం, తగ్గని కడుపునొప్పి, నాడి 120 దాటడం, ఆయాసం, పిక్క వాపు, గుక్క నీళ్ళు కూడా నిలవని వాంతులు. వాంతులు రోజుల తరబడి సాగితే బి1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతింటాయి, అందుకే "రేపు చూద్దాం" అనుకోవద్దు.

ఒక కాపీ మీ ఆయన పర్సులోనో మీ ఆవిడ బ్యాగులోనో పెట్టండి, ఒకటి పక్కింట్లో ఇవ్వండి. మా కాపీ బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంది. ఇవాల్టికీ తీయలేదు.